పదకొండు మంది వినాయకులు, నలభై ఎంబీల డిస్కు

జనగామ స్టేషన్ రోడ్డులో పెండ్లి పత్రికలు వేసే మహిపాల్‌కు ఖాళీ జాగా కనబడితే చేతులు ఊరుకోవు. దేవరుప్పుల ఆటో ఎక్కితే అందరినీ తానే జరిపి ఇంకో ఇద్దరిని ఇరికిస్తాడు. అలాంటి మనిషికి తొంభై ఆరులో దొరికిన వరం, హైదరాబాదులో కొన్న పాత కంప్యూటర్. దాని డిస్కు నలభై ఎంబీలు. ఇప్పటి ఫోన్లో తీసిన ఫొటోలైతే గట్టిగా పది పట్టవు. అమ్మినవాడు అందులో ఒక ప్రోగ్రాం వేసిచ్చాడు. ఏది దాచినా అది దానంతటదే నొక్కి పెడుతుంది, తెరిస్తే దానంతటదే విప్పి చూపిస్తుంది. మనం వేలు కదపక్కర్లేదు. నలభై కాస్తా ఎనభై అయిందని మహిపాల్ బజారంతా చాటాడు.

"గదెట్లయితది?" అని భార్య ప్రేమలత నిలదీసింది.

"పాటల పుస్తకంల పల్లవి ఒక్కపారే రాస్తరు గద. మల్ల వచ్చిన కాడ ఉత్త గుర్తు పెడ్తరు. గిదీ గట్లనే."

ఒక్కటే చిక్కు. ఇంకా ఎంత ఖాళీ ఉందో ఆ పెట్టె చెప్పేది ఉత్త అంచనా. లగ్గానికి మూడొందల మందే వస్తారని పెండ్లివారు చెప్పే మాట ఎంత నిజమో అదీ అంతే. రాతలు బాగానే ముడుచుకుంటాయి, బొమ్మలు ముడుచుకోవు. పత్రికల మీద వేయడానికి మహిపాల్ పదకొండు మంది వినాయకులను ఎక్కించుకున్నాడు. వాళ్లు బొజ్జలతో సహా కూర్చుండిపోయారు.

ఆ ఏడే జఫర్‌గఢ్ పక్క తండా నుంచి సోమ్లా ఒక నోటుబుక్కు తెచ్చాడు. పెండ్లిపిల్ల అత్తారింటికి పోతూ పుట్టింటివాళ్లను పట్టుకుని ఏడుస్తూ పాడే ఢావ్లో పాటలు, ముప్పై రెండు. భార్య రాజీ పాడుతుంటే తమ లంబాడీ భాషను తెలుగు అక్షరాల్లో రాసుకున్నాడు.

"ఇరవై ఎంబీల జాగ ఉన్నది కాకా, నిమ్మలంగ పడ్తయి," అన్నాడు మహిపాల్.

ముందు అన్ని పాటల మొదటి చరణాలూ వరసగా కొట్టుకోవడం అతని పద్ధతి. అది అయింది. అసలు పాటలు మొదలుపెట్టగానే ఆ ఇరవై ఎంబీల అంచనా తప్పి, డిస్కు నిండిందని తెర మీద పడింది. ఒక్క వినాయకుణ్ణి తీసేస్తే చాలు. కానీ లగ్గాల రోజుల్లో, పత్రికలు వేసే చేత్తో, వినాయకుణ్ణి చెరిపేయడమా? చెంపలేసుకుని మానేశాడు. కొత్త డిస్కు వచ్చాక కొడదాంలే అనుకుని నోటుబుక్కు తిరిగిచ్చేశాడు. "అన్నీ ఎక్కినయి కాకా," అని నోరారా అబద్ధమాడాడు. కొత్త డిస్కుతో కొత్త కంప్యూటరే వచ్చింది, పాటలు మాత్రం వెనకబడ్డాయి.

పాత పెట్టెకు ఏటా దసరాకు పసుపు కుంకుమ పెట్టి, లోపలి గడియారానికి కొత్త సెల్లు వేసి నడిపిస్తాడు. పదకొండు మందికీ దండం పెడతాడు. పాటల ఫైలు వైపు మాత్రం పోడు.

ఈ ఏడు సోమ్లా కూతురు కళావతి టీచరమ్మ, తల్లి రాజీని వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చింది.

"నా బిడ్డ సుష్మిత పెండ్లి పది రోజులున్నదన్నా. పిల్లకు ఢావ్లో నేర్పమంటే, బాపు పోయినప్పటి సంది ఒక్క పాట యాదికొస్తలేదంటది అమ్మ. నోటుబుక్కును చెదలు తిన్నయి. పానం పోయేదాక బాపు ఒక్కటే అన్నడు, నా పాటలు మహిపాల్ డబ్బల భద్రంగున్నయని."

మహిపాల్ మూలనున్న పాత పెట్టె వైపు చూశాడు. ఇప్పుడు దుకాణం నడిపే అతని బిడ్డ రక్షిత దాన్ని అమ్మేద్దామని అప్పటికే తుక్కు కొనేవాణ్ణి పిలిచి ఉంది. "నడుస్తదా బాపూ గది?" అంది నవ్వుతూ. నడవకపోతే బాగుండునని జీవితంలో మొదటిసారి కోరుకున్నాడు మహిపాల్. మాయదారి పెట్టె, ఏటా పూజలు తిన్న విశ్వాసానికి, గురగురమని లేచి కూర్చుంది.

ఫైలు తెరుచుకుంది. ముప్పై రెండు చరణాలు. కింద ఖాళీ.

"మిగతాది ఏదన్నా?" అంది కళావతి.

"లేదమ్మా. నేనే ఎక్కియ్యలే. కాకకు అబద్ధం చెప్పిన." తల ఎత్తలేకపోయాడు. నేల చీలితే బాగుండుననిపించింది.

కళావతి కళ్లు తుడుచుకుని, ఉన్నదాన్నే తల్లికి చదివి వినిపించింది. "యాడీ..." అని అమ్మను పిలుస్తూ మొదలయ్యే ఒక్క చరణం.

బెంచీ మీద రాజీ కొంగు ముఖం మీదికి లాక్కుంది. సన్నగా ఒక రాగం లేచింది. ఆ చరణం దాటి రెండోది, మూడోది, ఆగకుండా పోతూనే ఉంది. బయట పత్రికల కోసం వచ్చినవాళ్లు చెప్పులు విడిచి నిలబడ్డారు. పాట అయ్యాక ఆమె ముక్కు చీదుకుని మహిపాల్ వైపు చూసింది.

"మొదలు దొరకలేదు కొడుకా, గంతే. ఇంకోటి సదువు బిడ్డా."

సాయంత్రానికి ముప్పై రెండూ వచ్చాయి. కళావతి రాసుకుంది, రక్షిత ఫోన్లో పట్టుకుంది. తుక్కువాణ్ణి తనే వెనక్కి పంపింది.

"ఇగ ఫోన్ల ఉన్నయి గద బాపూ," అన్నా మహిపాల్ వినలేదు. కాకకు ఇచ్చిన మాట ఫోన్ మీద కాదు, ఈ డిస్కు మీద. పాత పెట్టె ముందు కూర్చుని మొదటి పాట కొట్టాడు. డిస్కు నిండిందని మళ్లీ పడింది.

మహిపాల్ లేచి చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని వచ్చి, దండం పెట్టాడు.

"ముప్పై ఏండ్లు కూసున్నవు స్వామీ, జర జరుగు. సోమ్లా కాక వచ్చిండు."

పదకొండో వినాయకుణ్ణి చెరిపేశాడు.