ఏడో వాటా

చివరి పుస్తకంలో పోయినవి ఇవి: రెండు పడవలు, రేవు దగ్గరి బురుజు, మాట్లాడే కాకి, దొంగల నాయకురాలి ఎడమ కన్ను, ఒక ప్రాణం. మిగతావి పోయినందుకు మా ఇంట్లో ఎవరూ బాధపడలేదు. ఆ ప్రాణం మాత్రం మా అమ్మకి ఇష్టమైన కుంటివాడిది. తాళాన్ని నోటితో ఊది తెరిచే దొంగ.

అది మంత్రాలూ దోపిడీలూ కలిసిన ఇంగ్లీషు కథ, నాలుగు పుస్తకాలు. మా అమ్మాయి అప్పుడు పదకొండో తరగతి. చదివిందల్లా నానమ్మకి తెలుగులో చెప్పేది. మొదటి పుస్తకం నుంచీ అమ్మది ఒకటే ప్రశ్న: "నా కుంటోడు బాగున్నాడా?"

ఆఖరిది పూర్తయిన రోజు మా అమ్మాయి మేముండే హిందీ ఊళ్లోనే పండరీ పేటలో ఉండే తెలుగు స్నేహితురాలితో ఫోన్లో పోట్లాట పెట్టుకుంది. రచయిత్రి మోసం చేసిందని ఆ పిల్ల. "అరే యార్, వాడు చావకపోతే కథకి మతలబే లేదు!" అని మా పిల్ల.

ఫోన్ పెట్టేసి వరండాలోకి వచ్చింది. అక్కడ నానమ్మ బఠానీలు ఒలుస్తోంది.

"అయిపోనాదేటే పుస్తకం? నా కుంటోడో?"

"మస్త్ ఉన్నాడు నానమ్మా. ఓడెక్కి వెళ్లిపోయాడు."

పక్కనే ఉన్న నేను తలెత్తాను. అమ్మాయి నాకేసి చూడలేదు. పుస్తకం తెరిచి మిగతా కథ చెప్పుకుపోయింది. దోచుకొచ్చిన నలభై రెండు వేల బంగారు నాణేలు పంచుకునే చోట మాత్రం అందులో ఉన్నదున్నట్టు చెప్పేసింది: ఆరు వాటాలు.

అమ్మ చేతిలో కాయ ఆగింది. "ఎల్లినోళ్లు ఏడుగురు. ఆరు వాటాలేటే?"

"అంటే... నానమ్మా..."

"నువ్వు సెప్పరా. రోజూ లారీలు తూస్తావు గదా."

ఊరి బయట సిల్తారా ఫ్యాక్టరీల్లో, లారీల కాటా దగ్గర నా పని అదే. నిండు లారీ బరువులోంచి ఖాళీ లారీ బరువు తీసేయడం. ఈ లెక్కలో తగ్గిందేమిటో నాకు తెలుసు. అమ్మాయి కళ్లలో అప్పటికే నీళ్లు. ఫోన్లో అంత గట్టిగా వాదించిన పిల్ల.

"వాడు ముందే ఓడెక్కేశాడు కదమ్మా. వాడి వాటా మిగతావాళ్లు కలిపేసుకున్నారు. ఏడుగురికైతే తలా ఆరు వేలు. వీళ్లు ఏడేసి వేలు పట్టుకుపోయారు."

"దొంగెదవలు!" అంది అమ్మ. "తలో వెయ్యీ ఎనక్కిచ్చీమను. కతంతా బాగానే రాసింది గానీ ఆయమ్మ, పంపకం సేతకానేదు."

అమ్మాయి ముక్కు తుడుచుకుంటూ నవ్వేసింది. అమ్మ మళ్లీ బఠానీల్లో పడింది. ఆవిడ నా మాట నమ్మిందో, మా ఇద్దరి మొహాలూ చూసి ఊరుకుందో నేనెప్పుడూ అడగలేదు.

ఇప్పుడు అమ్మాయి పుణేలో ఉద్యోగం చేస్తోంది. ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ అడుగుతుంది: "నా కుంటోడి వాటా ఇచ్చినారా?"

"ఇంకా లేదు నానమ్మా."

అమ్మ నావైపు తిరుగుతుంది. "మొత్తం ఎంతరా?"

"ఆరు వేల బంగారు నాణేలమ్మా."