పోశెట్టి ఇచ్చిన నాలుగో నమూనా

కోవిడ్ ఆంక్షలు సడలిన మరుసటి ఏడాది జనవరిలో, అరబ్బు దేశంలోని అల్ ఖోబర్‌లో నేను పనిచేసే ఆసుపత్రివారు నన్ను బయోకెమిస్ట్రీ ల్యాబ్ నుంచి పరిశోధన విభాగానికి మార్చారు. హోదా అదే, సీనియర్ టెక్నాలజిస్టు. పని మాత్రం వేరు. అప్పటికి ఆ దేశంలో నాది పందొమ్మిదేళ్ళ సర్వీసు. రక్తం గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూస్తే లోపమేమిటో చెప్పగలనని కొంచెం గర్వం కూడా ఉండేది.

ఆ ప్రాజెక్టు గుండె కండరం బలహీనపడిన రోగుల మీద. గుండెకు క్షణం సెలవు ఉండదు, అందుకని దానికి ఇంధనం ఎక్కువ కావాలి. ఆరోగ్యంగా ఉన్న గుండె ముఖ్యంగా కొవ్వును కాల్చుకుని శక్తి తయారు చేసుకుంటుంది. జబ్బుపడిన గుండెలో ఆ పని క్రమంగా తగ్గిపోతుంది. అందుకు ఒక కారణం మైక్రో ఆర్‌ఎన్‌ఏలు. ఇరవై రెండు జన్యు అక్షరాలకు అటూ ఇటూగా ఉండే చిన్న అణువులివి. కొవ్వును కాల్చే ఎంజైమును తయారు చేయమని కణంలో జన్యువు నుంచి సందేశం బయలుదేరుతుంది. ఈ అణువు వెళ్ళి ఆ సందేశానికి అతుక్కుని దాన్ని ఆపేస్తుంది. ఒకే రకం అణువు అలాంటి సందేశాలను చాలా ఆపగలదు. వీటిలో కొన్ని రక్తంలోకి కూడా వస్తాయి. జబ్బు నడిచేకొద్దీ ఏవి పెరుగుతున్నాయో, ఏవి తగ్గుతున్నాయో చూడడం మా పని. చేరిన రోజున ఒకటి, నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు ఒక్కొక్కటి, ఇలా మనిషికి నాలుగు నమూనాలు తీయాలి. ఒక్కటి తప్పినా ఆ రోగి వివరాలన్నీ పక్కన పెట్టేయాలి.

నన్ను అక్కడ వేయడానికి నా పనితనం కన్నా నా భాషే ఎక్కువ కారణమని తర్వాత తెలిసింది. అంగీకార పత్రాలు అరబిక్‌లో, ఇంగ్లిషులో, ఉర్దూలో ఉండేవి. తెలుగువాళ్ళు వస్తే ఎవరో ఒకరు నోటితో చెప్పాలి, పక్కన ఇంకొకరు సాక్షి సంతకం చేయాలి. ఆ చెప్పే మనిషిని నేను.

పోశెట్టి ఫిబ్రవరిలో వచ్చాడు. జగిత్యాల దగ్గర పల్లెటూరు, స్లాబులకు చెక్క అచ్చులు బిగించే షట్టరింగ్ కార్పెంటరు, నలభై ఆరేళ్ళు. గుండె పంపు చేసే బలం సగానికన్నా బాగా తగ్గింది. హిందీ మాట్లాడతాడు కానీ ఉర్దూ చదవలేడు. నేను తెలుగులో పలకరించేసరికి మేడంని కాస్తా అక్కనయ్యాను.

అణువుల సంగతి అతనికి చెప్పడానికి ఒక కథ అల్లుకున్నాను. మీ క్యాంపు మెస్సులో సరుకులన్నీ ఉన్నాయి, వంటమనిషీ ఉన్నాడు, కానీ ఇవాళ ఏం వండాలో రాసిన చీటీని మధ్యలో ఎవరో ఆపేస్తున్నారు, అందుకని పొయ్యి వెలగడం లేదు, మీ గుండె పరిస్థితి అదే అన్నాను. అతను చాలా శ్రద్ధగా విన్నాడు.

“అంటె గా చీటీ ఆపేటోన్ని మీరు పట్టుకుంటరా అక్కా?”

“పట్టుకోవాలనే చూస్తున్నామండి” అన్నాను.

నేను చెప్పిందాంట్లో అబద్ధం లేదు. అయితే పట్టుకున్నా దాని మీద మందు రావడానికి ఏళ్ళు పడుతుందని, ఈ రక్తం వల్ల అతనికి ఒరిగేదేమీ లేదని నొక్కి చెప్పలేదు. పత్రంలో ఐదో పేరాలో ఆ సంగతి ఉంది. దాన్ని గడగడా తెలుగులో చెప్పేశాను. మెస్సు కథకు పెట్టిన శ్రద్ధ ఐదో పేరాకు పెట్టలేదు. పోశెట్టి తెలుగులో గుండ్రంగా సంతకం చేశాడు. బాగా వివరించావని సాక్షిగా కూర్చున్న మలయాళీ నర్సు మెచ్చుకుంది కూడా.

మొదటి మూడు నమూనాలు చక్కగా వచ్చాయి. ఊదారంగు మూత గొట్టంలోకి రక్తం తీసి, రెండు గంటల లోపల సెంట్రిఫ్యూజులో రెండుసార్లు తిప్పి, పైన తేరిన ప్లాస్మాను మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజరులో దాచేదాన్ని. వచ్చిన ప్రతిసారీ “దొరికిండా అక్కా?” అని నవ్వుతూ అడిగేవాడు. నేనూ నవ్వి “ఇంకా లేదండి” అనేదాన్ని. అది మా ఇద్దరి వేళాకోళం అనుకున్నాను.

ఆగస్టు నమూనాకు మూడు వారాల ముందు, నియమం ప్రకారం, గుర్తు చేయడానికి పోశెట్టికి ఫోన్ చేశాను. “నేను రాకుంటె నడ్వదా అక్కా?” అన్నాడు. నడవదండి, ఆఖరిది లేకపోతే మిగతా మూడూ వృథా అవుతాయి, తప్పకుండా రావాలి అన్నాను. “సరే, అస్త” అన్నాడు. రాకపోవడానికి కారణమేమిటని అడగలేదు. ఆ రోజు నా జాబితాలో ఇంకా పదకొండు ఫోన్లు ఉన్నాయి.

వచ్చిన రోజున కాళ్ళు వాచి ఉన్నాయి, నాలుగడుగులకే ఆయాసం. ముందు గుండె క్లినిక్‌కు పంపాను. వాళ్ళు మందు మోతాదు పెంచి తిరిగి నా దగ్గరకు పంపారు. నరం దొరకలేదు. సన్నటి సూది వేసి, సిరంజితో లాగాను. కాస్త గట్టిగానే లాగాను. అలా లాగకూడదని కొత్తవాళ్ళకు పాఠం చెప్పేది నేనే. పోశెట్టి ఓపిగ్గా కూర్చున్నాడు. ఈసారి దొరికాడా అని అడగలేదు. “ఇగ అయిపోయినట్టే గదా అక్కా” అన్నాడు. అయిపోయిందండి అన్నాను.

సెంట్రిఫ్యూజులోంచి గొట్టం తీస్తే, లేత పసుపులో ఉండాల్సిన ప్లాస్మా గులాబీ రంగులో ఉంది. ఎర్ర కణాలు పగిలాయన్న మాట. వాటి నిండా వాటి సొంత మైక్రో ఆర్‌ఎన్‌ఏలుంటాయి, అవి వచ్చి కలిస్తే ఇక గుండె గురించి ఆ నమూనా ఏమీ చెప్పలేదు. నమూనా పనికిరాదని రిజిస్టరులో రాశాను. ప్రాజెక్టుకు బాధ్యుడైన కన్సల్టెంటు డాక్టరు, పదిహేను రోజుల గడువు ఉంది కదా, మళ్ళీ పిలవమన్నారు.

మందు పనిచేసి వాపు కాస్త తగ్గాక పిలుద్దామని ఆగి, తొమ్మిదో రోజున ఫోన్ చేశాను. ఎత్తింది అతని గదిలో ఉండే నర్సింలు. నేనెవరో చెప్పాక, పోశెట్టన్న మొన్న పొద్దున స్నానానికని లేచి బాత్‌రూమ్ దగ్గరే పడిపోయాడని, అంబులెన్సు వచ్చేలోపే ప్రాణం పోయిందని చెప్పాడు. ఆ తర్వాత అతనన్న మాటలు నాకు అలాగే గుర్తున్నాయి.

“ఎగ్జిట్ కాయితం నెల కిందనే అచ్చింది అక్కా. పనికి పనికిరాడని కంపెనోళ్ళే పొమ్మన్నరు. ఇంటికాడ వదినె తయ్యారుగ ఉన్నది. ఈయననే ఆపిండు. అక్క ఆఖరి రక్తం ఇయ్యాలన్నది, అదిస్తె గా చీటీ ఆపేటోడు దొర్కుతడు, బాగై పోత అన్నడు. మల్ల టికెటు వచ్చే సోమవారానికి చేపిచ్చిండు.”

ఎందుకు ఫోన్ చేశానని అతను అడిగితే, ఊరికే, ఎలా ఉన్నారో కనుక్కుందామని అన్నాను. ఉద్యోగ జీవితంలో నేను ఆడిన అబద్ధాల్లో నాకు ఇప్పటికీ సిగ్గు పుట్టించేది అదొక్కటే. శవాన్ని పంపించే కాగితాలు పూర్తవడానికి మూడు వారాలు పట్టింది. సోమవారం దాకా పోశెట్టి బతికి, ఆ టికెట్టు మీద దిగి ఉంటే భార్య అతన్ని ప్రాణంతో చూసేది. నేను ఫోన్ చేయకపోయి ఉంటే ఇంకా ముందే, మూడు వారాలైనా ఆమె దగ్గర ఉండేవాడు. ఇది తలుచుకుని చాలా రోజులు ఏడ్చాను.

జరిగింది కన్సల్టెంటుకు రాతపూర్వకంగా ఇచ్చాను. పత్రం సక్రమంగా ఉంది, సంతకం ఉంది, నీ తప్పేమీ లేదన్నారు. నిబంధనల ప్రకారం అది నిజమే.

రిటైరయ్యేవరకు మిగిలిన మూడేళ్ళూ నేనొక పద్ధతి పాటించాను. సంతకానికి ముందు, ఈ రక్తం ఇస్తే మీకేం వస్తుందని రోగినే అడిగేదాన్ని. నాకేమీ రాదు అని అతని నోటితో అతనే అనేదాకా పెన్ను చేతికిచ్చేదాన్ని కాదు. గుర్తు చేసే ఫోన్లలో మొదటి ప్రశ్న, ఊరికి వెళ్ళే ఏర్పాటేమైనా ఉందా అని. ప్రాజెక్టులో చేరేవాళ్ళు తగ్గారు. ఎందుకు తగ్గారని సమావేశంలో అడిగితే ఇదే చెప్పాను. మెస్సు కథ మాత్రం మళ్ళీ ఎవరికీ చెప్పలేదు.