తన మిషను మీద తానే చాడీలు చెప్పినవాడు

తడిసిన గోనెసంచి వాసన తగిలితే చాలు, ఇప్పటికీ ఉన్నచోటే ఆగిపోతాను. మొన్న ఆదోని మార్కెట్ యార్డులో అదే జరిగింది. రాత్రి వానకు నానిన సంచులను హమాలీలు ఎండలో పరుస్తుంటే ఆ పులిసిన మట్టి వాసన ముక్కుకు సోకింది. పక్కనున్న మిత్రుడు పత్తి ధర గురించి ఏదో చెబుతున్నాడు, నాకు వినిపించలేదు. ఎమ్మిగనూరు మైదానంలో ఒక పొద్దున జిలానన్న తడి గోనెపట్టా పైకెత్తిన క్షణం కళ్ళముందు నిలిచింది. నేను చాలా ఏళ్ళు దినపత్రికలో పనిచేసినవాణ్ణి. ప్రమాదాలూ వరదలూ చూసి, వచ్చి కూర్చుని వార్త రాసేవాణ్ణి. అవేవీ నన్నంతగా నివ్వెరపరచలేదు. నిజానికి ఆ పట్టా కింద ఉన్నవి రెండు రేకు తట్టలు, కాసిన్ని మొలకలు. అంతే.

జిలానన్నకు ఆదోనిలో ఒక షెడ్డు ఉండేది. అందులో వేరుశనగ కాయలు ఒలిచే మిషన్లు తయారుచేసేవాడు. నేను పత్రిక ఉద్యోగం మానేసి ఖాళీగా ఉన్నప్పుడు కరపత్రం రాసిపెట్టమని పిలిచి, అలాగే తన దగ్గర ఉంచేసుకున్నాడు. వెల్డింగ్ మోతను మించి మాట్లాడీ మాట్లాడీ ఆయనకు మామూలు గొంతు పోయింది. ఇంట్లో ఉప్పు అడిగినా వీధికి వినపడుతుందని వాళ్ళావిడ విసుక్కునేది. "నా మిషనుకు వంక పెట్టేటోడు ఇంకా పుట్టలేదప్పా" అని వచ్చినవాళ్ళందరితో అనేవాడు. అనడమే కాదు, నమ్మేవాడు.

ఆ ఏడు పెద్ద కంపెనీల మిషన్లు వచ్చిపడి షెడ్డులో పని సన్నగిల్లింది. ఎమ్మిగనూరులో వ్యవసాయ యంత్రాల ప్రదర్శన పెడుతున్నారని, అక్కడికి వచ్చి చూస్తానని, నచ్చితే తన దుకాణంలో పెట్టి అమ్ముతానని బళ్ళారి డీలరు బసవరాజు కబురు పంపాడు. "ఈ బేరం కుదరకపోతే షెడ్డుకు తాళమేప్పా. మన షెడ్డు పిల్లోళ్ళంతా కూలికి బెంగళూరు బస్సెక్కాల్సిందే" అన్నాడు జిలానన్న. ఆయన గొంతు తగ్గించి మాట్లాడగా వినడం నాకదే మొదలు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. అమ్మకానికి కాయలు ఎలా ఒలిచినా సరే, విత్తనానికి మాత్రం చేత్తోనే ఒలుస్తారు. ఆడవాళ్ళు అరుగుల మీద గుంపుగా కూర్చుని, గోళ్ళు అరిగేదాకా ఒలుస్తారు. మిషనులో పడ్డ గింజ పైకి నున్నగా కనిపించినా, మొలకెత్తే ముక్కు దగ్గర దెబ్బ తింటుందని పెద్దల మాట. జిలానన్నకు అది వట్టి చాదస్తం. 'విత్తనానికైనా, నూనెకైనా ఒకటే మిషను' అని షెడ్డు ముందు పెద్ద బోర్డు రాయించాడు. పెద్దకడుబూరు రైతు ఈరన్న ఆ బోర్డును నమ్మాడు.

ప్రదర్శనకు రెండు వారాల ముందు ఈరన్న షెడ్డులోకి వచ్చి, చేనులోంచి తవ్వి తెచ్చిన కుళ్ళు గింజలను బల్ల మీద గుమ్మరించాడు.

"ఏమప్పా జిలానీ! నీ మిషను నోట్లో మన్ను పొయ్య! నా సేను బోడిగుండు మాదిరి ఉంది. ఈడొక మొలక, ఆడొక మొలక. సేత్తో ఒలిపిచ్చరా అని మా యమ్మ సెప్తానే ఉండె. ఇనకుండా నీ బోర్డు సదివి నాశనమైతి."

"వాన సరిగ్గా పడిండదు ఈరన్నా."

"నా సేన్లో ఒక్కదాంట్లోనే పడలేదా? పక్కోడిది పచ్చగుంది, వచ్చి సూడు!"

పనివాళ్ళు నవ్వారు. జిలానన్న నవ్వలేదు. "నీ ఇంట్లో మిగిలిన కాయలు కొన్ని తెచ్చియ్యప్పా" అన్నాడు. ఆ సంగతి నేను అంతటితో మరిచిపోయాను.

ప్రదర్శన మొదటిరోజు పొద్దున స్టాలుకు ఫ్లెక్సీ కట్టించాను. బోర్డు మీది మాటే పెద్ద అక్షరాల్లో వేయించాను. మిషను మీద దుమ్ము తుడిపించి, ముందు వరుసలో కుర్చీలు వేయించాను. ఒక కుర్చీలో ఈరన్న అప్పటికే కూర్చుని టీ తాగుతున్నాడు. చూడ్డానికి వచ్చాడేమో అనుకున్నాను. బల్ల మీద తడి పట్టా కప్పిన తట్టలు ఉంటే, అందానికి తెచ్చిన మొక్కలనుకున్నాను. జిలానన్న పట్టా ఎత్తాడు. ఒక తట్టలో మొలకలు ఒత్తుగా, పచ్చగా ఉన్నాయి. 'చేత్తో ఒలిచినవి' అని దాని మీద రాసి ఉంది. రెండో తట్ట సగానికి పైగా బోడిమట్టి. దాని మీద, ఆయన వంకర అక్షరాలతోనే, 'మా మిషనులో ఒలిచినవి' అని ఉంది.

రెండు తట్టలనూ మార్చి మార్చి చూశాను. తేరుకునేలోపు ఆయన కత్తెర తీసుకుని ఫ్లెక్సీలో 'విత్తనానికైనా' అన్న ముక్కను కత్తిరించి కింద పడేశాడు.

"ఏం చేస్తాండావన్నా? బసవరాజు వచ్చే టైమైంది! మన మీద మనమే చాడీలు చెప్పుకుంటామా?"

"నేను సెప్పకుంటే ఈరన్న సెప్తాడు. ఊరూరా తిరిగి సెప్తాడు. దానికన్నా నా స్టాల్లోనే కూసోని సెప్పనీ."

"సెప్తా. టీ ఇప్పిస్తివి కదాని ఒక్క తిట్టు గూడా తగ్గియ్యను" అన్నాడు ఈరన్న.

బసవరాజు వచ్చాడు. తట్టలు చూశాడు. ఈరన్న కథ విన్నాడు. "పక్క స్టాళ్ళల్లో అందరూ విత్తనానికి కూడా బాగుంటుంది అంటున్నారే?" అని జిలానన్నను అడిగాడు.

"అంటారు సార్. నేనూ మొన్నటిదాకా అంటిని. మొలకేసి చూసినాక నోరు రాలేదు."

బసవరాజు పక్క స్టాలు వైపు వెళ్ళిపోయాడు. షెడ్డు తాళం, బెంగళూరు బస్సు కళ్ళకు కట్టాయి. తిరిగి చూస్తే జిలానన్న కింద పడేసిన ఫ్లెక్సీ ముక్కను తీసి, కత్తిరించినచోట ఆనించి చూస్తున్నాడు. చేసిన పనికి ఆయనా నాలాగే అదిరిపోయి ఉన్నాడని అప్పుడు తెలిసింది.

తర్వాత జరిగిందాన్ని నేను ఊహించలేదు. ఈరన్న తిట్లకు జనం మూగారు. తిట్టేవాడిని స్టాల్లో కూర్చోబెట్టుకున్న వింత చూడటానికి పక్క స్టాళ్ళవాళ్ళూ వచ్చారు. ఆస్పరి నుంచి వచ్చిన ఆడకూలీలు బోడితట్టను చూసి, "అంటే మా గోళ్ళకు ఇంకా పనుంది! బతికిస్తివి సాబూ" అని పగలబడి నవ్వారు. ఒక ముసలి రైతు ఈరన్ననే అడిగాడు. "మరి ఇది దేనికి పనికొస్తాదప్పా?"

ఈరన్న ఆలోచించాడు. "మార్కెట్టుకు, నూనెకు అయితే రాజా మాదిరి ఒలుస్తాది. అబద్ధమెందుకు? ఇత్తనానికి మాత్రం ముట్టియ్యొద్దు. ముట్టిస్తే నా మాదిరి అయితావ్."

ఆ ముసలాయనే మొదటి మిషనుకు ఆర్డరు రాయించుకున్నాడు. ఆ వెనక రాయించుకున్నవాళ్ళంతా నన్నూ జిలానన్ననూ దాటుకుని పోయి ఈరన్నతో మాట్లాడి వచ్చినవాళ్ళే.

చివరిరోజు సాయంత్రం స్టాలు విప్పుతుండగా బసవరాజు మళ్ళీ వచ్చాడు. "రైతు వచ్చి నా కాలరు పట్టుకునేది ఈ విత్తనం మాట మీదనే. మిషన్లు పంపు జిలానీ. ఒక్కో దాని మీద 'విత్తనానికి కాదు' అని ఎర్రగా రాసి పంపు. ఈ తట్టలు కూడా ఇయ్యి, షాపు ముందర పెట్టుకుంటా" అన్నాడు. జిలానన్న ఆ రెండు తట్టలనూ తానే మోసుకెళ్ళి బసవరాజు బండిలో పెట్టాడు.

మరుసటి ఏడు ఈరన్న విత్తనం కాయలు జిలానన్న ఇంట్లోనే, వాళ్ళావిడా కోడళ్ళూ కలిసి చేత్తో ఒలిచి పంపారు. అయినా ఈరన్న ఆదోని వచ్చినప్పుడల్లా షెడ్డులో దిగి, ఏదో ఒక వంక పెట్టి తిట్టిపోయేవాడు. పోయిన ఏడు జిలానన్న షెడ్డులోనే గుండెపోటుతో పోయాడు. ఖననం రోజున ఖబరస్తాన్ బయట గోడకానుకుని ఈరన్న నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, "ఇంక యాడికి పోయి తిట్టాలప్పా నేను?" అన్నాడు.

ఇప్పుడు చిన్న చిన్న తయారీదారులకు స్టాళ్ళు పెట్టడంలో సాయం చేస్తుంటాను. ఫ్లెక్సీ రంగు గురించి మాట్లాడకముందే, మీ సరుకు ఎక్కడ చేతకాదో చెప్పమంటాను. కొందరు కోపంగా లేచిపోతారు. ఈమధ్య ఎమ్మిగనూరులో నూనె గానుగ పెట్టిన ఒక అమ్మాయి తను తెచ్చిన సీసా మూతను తిప్పుతూ కూర్చుంది. ఆఖరికి, "మా నూనె మూత తీసి కొన్నాళ్ళుంచితే వాసనొస్తాది సార్" అంది. "అట్లాంటి సీసా ఒకటి స్టాలు ముందే పెట్టమ్మా, మూత తీసి. వచ్చినోళ్ళను వాసన చూడనీ" అన్నాను. ఆమె కళ్ళు పెద్దవి చేసి, పిచ్చివాణ్ణి చూసినట్టు నన్ను చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. అందుకే ఆమె తేరుకునేదాకా కూర్చున్నాను.