సూది వెయ్యనన్న పెద్దమ్మ

పోయిన మంగళవారం పొద్దున బడికి బయల్దేరుతుంటే, ఎదురింటి పెద్దమ్మ పోయిందని కబురొచ్చింది. ముందురోజు సాయంత్రం కూడా అరుగు మీద కూర్చుని నాతో మాట్లాడిన మనిషి.

ఆమె నాకు చుట్టం కాదు. నరసరావుపేటలో మా వీధంతా ఆమెను రంగం పెద్దమ్మ అనేవాళ్ళు. పెళ్ళయిన కొత్తలో భర్తతో రంగం, అంటే బర్మాలోని రంగూన్ వెళ్ళి, అక్కడ ఒక చైనా వైద్యుడి ఇంట్లో పదేళ్ళు పనిచేసింది. ఒంటి మీద ఫలానా చోట్ల సన్నని సూదులు గుచ్చి జబ్బు తగ్గించే విద్య ఆయనే నేర్పాడు. జపాను బాంబులు పడ్డప్పుడు అడవుల వెంట నడిచి తిరిగొచ్చింది. భర్త దారిలోనే పోయాడు.

నేను ఆమె గడప తొక్కేనాటికి నాలుగేళ్ళుగా కడుపు జబ్బుతో ఉన్నాను. తిన్నది ఇమడదు. పేగుల్లో మెలిపెట్టినట్టు నొప్పి, రోజుకి ఏడెనిమిదిసార్లు చెంబు పట్టుకుని పరుగు. పాఠం మధ్యలో పిల్లల్ని వదిలేసి వెళ్ళిపోయేదాన్ని. బస్సెక్కాలంటే ముందురోజు నుంచే పస్తు. మందునీళ్ళు తాగాను, లేహ్యాలు తిన్నాను. ఇట్లాగే అయితే ఉద్యోగం కష్టమని హెడ్మిస్ట్రెస్ గారు మెత్తగానే చెప్పారు. ఆడదాన్ని, ఎవరితో చెప్పుకోను?

పెద్దమ్మే ఒకరోజు అడిగింది. "ఏందమ్మాయ్, అట్టా ఎండిపోతన్నావు? కడుపేగా?"

చాప మీద పడుకోబెట్టి, సిగ్గుపడే ప్రశ్నలన్నీ కూరల బేరమంత మామూలుగా అడిగింది. మరిగించిన సూదులు మోకాలి కింద, బొడ్డుకి అటూ ఇటూ గుచ్చింది. చీమ కుట్టినట్టయి, తర్వాత బరువుగా లాగినట్టుండేది. "కదలమాక. పేగుని బెదిరిస్తే ఇంకా బెదిరిద్ది. దాన్ని నిదానంగా నమ్మించాల" అనేది. కారం మానిపించింది. పల్చటి మజ్జిగలో మెత్తటి అన్నం తినమంది. వారానికి రెండుసార్లు చొప్పున నాలుగు నెలలు వెళ్ళాను. పరుగులు తగ్గాయి. ఒకరోజు పాఠం మొదలుపెట్టి గంట కొట్టేదాకా నిలబడే చెప్పాను. అది సూదుల గుణమో, మజ్జిగ గుణమో, నా మాట విసుక్కోకుండా వినే మనిషి దొరికిన గుణమో ఇప్పటికీ చెప్పలేను. ఆమెనడిగితే, "నాకు మాత్రం తెలుసా ఏంది? తగ్గిందిగా" అంది.

చైనాతో యుద్ధం వచ్చిన ఏడు వీధి మారిపోయింది. అంతవరకూ సూదులన్న వాళ్ళే చైనా సూదులనడం మొదలుపెట్టారు. కారంపూడిలో ఉండే మా అమ్మ కూడా, "ఆ ఇంటికి పోమాక, నీ ఉద్యోగానికే ముప్పు" అని కబురు చేసింది. ఒక ఆదివారం నలుగురు మగవాళ్ళు వచ్చి, సూదుల పెట్టె మూత మీది చైనా అక్షరాలేవో చెప్పమని పెద్దమ్మని నిలదీశారు. తనకు చదువు రాదంది. వాళ్ళు పెట్టెను మురిక్కాలవలో బోర్లించారు. నేను కిటికీలోంచి చూశాను. బయటికి వెళ్ళాలనే లేచాను. లేచి, తలుపు గడియ పెట్టుకున్నాను. పెద్దమ్మ కాలవలోకి దిగి సూదులు ఏరుకుంటూ ఉంది. ఆ తర్వాత రెండు నెలలు ఆమె ముఖం చూడలేకపోయాను. ఈ సంగతి అమ్మకు మాత్రం ఉత్తరంలో రాశాను.

అట్లాంటి రోజుల్లో ఒక ఉదయం అమ్మ తమ్ముణ్ణి బస్సులో తీసుకొచ్చింది. పాతికేళ్ళవాడు, పొలం పనిలో ఎద్దులా కష్టపడేవాడు, రెండు రోజులుగా కడుపునొప్పి, జ్వరం. నడుము వంచి మూలుగుతున్నాడు. పోవద్దన్న అమ్మే, "నీకు తగ్గించింది గదా, పిలువు" అంది. ఏ మొహంతో పిలిచానో నాకే తెలియదు. పెద్దమ్మ మారుమాట లేకుండా వచ్చింది.

వాడి కడుపు మీద అరచెయ్యి ఆనించి మెల్లగా నొక్కింది. చెయ్యి తియ్యగానే వాడు కేక పెట్టాడు. ఆమె మొహం మారిపోయింది.

"దీనికి నేను సూది వెయ్యను. కడుపు చెక్కలాగుంది. లోపల పేగు పగిలుంటది. కోసి కుట్టాల. గుంటూరు పెద్దాసుపత్రికి తీసకపోండి, ఇప్పుడే."

అమ్మ ఏడుస్తూనే మాట విసిరింది. "మా మీద కోపంతో అంటన్నావు. ఆ రోజు మా పిల్ల అడ్డం రాలేదని."

"కోపం లేదననమ్మా. అది నా దగ్గరుంటది. ముందు బండి చూడండి."

తమ్ముడు దాహమంటే అమ్మ గ్లాసు అందించబోయింది. పెద్దమ్మ లాక్కుని, "పగిలిన పేగులోకి నీళ్ళు పోగూడదు" అంటూ నేల మీద పారబోసింది. బాడుగ కారు దొరికేసరికి గంట పట్టింది. ఎవరూ రమ్మనకుండానే పెద్దమ్మ ఎక్కి, వాడి తల ఒళ్ళో పెట్టుకుంది. దారంతా అమ్మ ఆమె వైపు చూడలేదు. నాకు మాత్రం, ఆమె పొరబడితే వీధి ఆమెను బతకనివ్వదన్న సంగతి గుర్తొస్తూనే ఉంది. ఆమెకీ తెలుసు. వాడి పెదాలు తడిగుడ్డతో అద్దుతూ కూర్చుంది.

ఆపరేషనయ్యాక డాక్టరుగారు బయటికొచ్చి, పేగుకి చిల్లి పడిందనీ, సాయంత్రం దాకా ఆగితే దక్కేవాడు కాదనీ చెప్పారు. అమ్మ వెళ్ళి పెద్దమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

వారం తర్వాత నేను ఆమె ఇంటికి వెళ్ళి, "ఆ రోజు తలుపేసుకున్నాను పెద్దమ్మా" అన్నాను.

"చూశాలే." మూలనున్న చాప అందుకుంది. "కడుపెట్టా ఉంది?"

"మళ్ళీ మొదలైంది."

"పడుకో మరి."

అంతే. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. తన చేతిలో లేని జబ్బయితే తన వల్ల కాదనేది, ఉన్నదయినా తగ్గిస్తానని గట్టిగా చెప్పేది కాదు.

మొన్న మంగళవారం సాయంత్రం సమాధుల తోటలో పాస్టరుగారు ప్రార్థన చేశారు. శవపెట్టె మోసినవాళ్ళలో మా తమ్ముడున్నాడు. ఇంటికొచ్చేసరికి పెద్దమ్మ అరుగు మీద ఎవరో భార్యాభర్తలు కూర్చుని ఉన్నారు. సూదుల కోసం అచ్చంపేట నుంచి వచ్చారట. పెద్దమ్మ పోయిన సంగతి చెప్పాను. ఆయన చెప్పులు తొడుక్కుని, "పద, ఆఖరి బస్సు పోయిద్ది" అన్నాడు. భార్య లేవలేదు.

"ఇంకెవరికి చెప్పుకోవాల?" అంది నేల చూస్తూ.

నేను పక్కన కూర్చున్నాను. ఆమె కొంగు వేలికి చుట్టుకుంటూ మూడేళ్ళ నుంచీ పడుతున్న బాధ గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టింది. ఆయన కాసేపు రోడ్డు వైపు చూసి, మళ్ళీ చెప్పులు విడిచాడు.