తెలుగులో హానాను బతికించిన సువార్తమ్మ గారు

ఐర్లాండ్‌లోని డ్రోహెడా ఆసుపత్రిలో నాతో పన్నెండేళ్లు నర్సుగా పనిచేసిన సువార్తమ్మ గారు గత మంగళవారం కోవిడ్‌తో దివంగతులయ్యారు. కబురు వచ్చేసరికి నేను డ్యూటీకి బయల్దేరుతున్నాను. ఒక చెయ్యి తొడిగిన కోటుతోనే మెట్ల మీద కూలబడ్డాను.

ఆమెను నర్సుగా ఎరిగినవాళ్లు అనేకులు, రచయిత్రిగా ఎరిగినవాళ్లం కొద్దిమందిమి. వెస్టిండీస్ చెరకు తోటలో బానిసగా బతికిన హానా అనే నల్లజాతి తల్లి కథను ఆమె తెలుగులో చారిత్రక నవలగా రాస్తూ వచ్చారు. హానా కొడుకును యజమాని వేరే దీవికి అమ్మేస్తాడు. ఆ తల్లి అన్వేషణే నవల.

సువార్తమ్మ గారు మూడేళ్ల కూతురు ప్రశాంతిని ఒంగోలులో చెల్లెలి దగ్గర వదిలి ఐర్లాండ్ వచ్చారు. నాలుగేళ్లకు రప్పించుకుంటే, విమానాశ్రయంలో ఆ పిల్ల తల్లిని "ఆంటీ" అని పిలిచిందట. హానా వేదన మీ వేదనే కదక్కా అని ఒకసారి అన్నాను.

"కాదమ్మా," అన్నారు నెమ్మదిగా. "నేను టికెట్టు కొనుక్కుని వచ్చాను. ఆమె బిడ్డను అమ్మేశారు. నా దుఃఖంతో ఆమె దుఃఖాన్ని కొలవకూడదు. నాది నాకు వినడం నేర్పింది, అంతే."

వినడమంటే ఏమిటో తర్వాత చూశాను. మా వార్డులో రోగుల బాగోగులు చూసే గ్రేస్ అనే నైజీరియా కేరర్ ఉంది, ముగ్గురు బిడ్డల తల్లి. టీ తాగేటప్పుడు సువార్తమ్మ గారు ఆమెకు ప్రతి అధ్యాయం ఇంగ్లీషులో చెప్పేవారు. ఒకనాడు గ్రేస్, ఈ తల్లి పొద్దస్తమానం ఏడుస్తూనే ఉంది, బిడ్డను ఒక్కసారైనా నవ్వించదా అని అడిగింది. సువార్తమ్మ గారి మొహం చిన్నబోయింది. తర్వాత సగం కథ తిరగరాశారు. అందులో హానా బొగ్గుతో మీసాలు దిద్దుకుని, దొరలా నడిచి కొడుకును నవ్విస్తుంది. ఆ నవ్వు చదివాక, వాణ్ణి పడవెక్కించే ఘట్టం మాలో ఎవరమూ ఏకబిగిన చదవలేకపోయాం.

చివరి అధ్యాయం మిగిలి ఉండగానే మహమ్మారి వచ్చింది. సెలవులు మానుకుని కోవిడ్ వార్డులో పనిచేశారు. అక్కడే జబ్బుపడ్డారు.

అంత్యక్రియలకు పదిమందినే రానిచ్చారు. మిగిలినవాళ్లం రోడ్డు వెంట ఎడమెడంగా నిలబడ్డాం. ఆ మర్నాడు ప్రశాంతి తమ గుమ్మం లోపల, నేను బయట నిలబడి మాట్లాడుకున్నాం. తల్లి ఆసుపత్రి నుంచి చేసిన ఆఖరి ఫోనులో, హానాకు కొడుకు దొరుకుతాడా మామ్ అని ఇంగ్లీషులోనే అడిగిందట. ఎప్పుడూ ఇంగ్లీషులో మాట్లాడే ఆ అమ్మాయి, తల్లి జవాబును మాత్రం నాకు తెలుగులోనే అప్పజెప్పింది:

"దొరకడమ్మా. చాలామందికి దొరకలేదు. అయినా ఆమె ప్రతి రేవులోనూ వాడి పేరు చెప్పి అడుగుతుంది."

ఆ మాటలు అక్కడే రాసుకున్నాను. వాటితో కథ ఎలా ముగుస్తుందో తెలిసింది. ఆ ముగింపును ఆమె ఏ వాక్యాలతో రాసేవారో, ఎక్కడ ఆగేవారో ఊహించబోయి నా వల్ల కాలేదు. ఆ మహనీయురాలి స్మృతికి శిరస్సు వంచి, ప్రశాంతీ నేనూ ఆమె నవల చివరి అధ్యాయాన్ని ఖాళీగానే ఉంచుతున్నాం.