మార్తమ్మ చెప్పిన పాతర

పద్నాలుగేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాననడం కూడా పూర్తిగా నిజం కాదు. మోసేవాడికి బరువు తెలియాలి. నాకు చాలా ఏళ్ళు తెలియలేదు, లేదా తెలియనట్టు ఉండటం అలవాటైంది. పైగా దాని మీదే బతికాను, నలుగురిలో పేరు తెచ్చుకున్నాను. ఈ నాలుగు వారాలూ ఒకచోట కూర్చోలేకపోయాను. బడిలో పాఠం మధ్యలో లేచి కిటికీ దగ్గరికి వెళ్ళేవాణ్ణి. ఏ పనీ లేకుండా నారాయణఖేడ్ బస్టాండుకు పోయి నాగల్‌గిద్ద బస్సెక్కేవాణ్ణి, సగం దారిలో దిగి వెనక్కి వచ్చేవాణ్ణి. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

నా పేరు అక్కరలేదు. ఇంట్లో కన్నడం మాట్లాడే కుటుంబం మాది. తాతల కాలం నుంచి ఖేడ్‌లో కందులు, జొన్నల వ్యాపారం. నేను ఆ దుకాణంలో కూర్చోలేదు, చరిత్ర చదువుకున్నాను. చదువు ముగిసి ఉద్యోగం లేక తిరుగుతున్న రోజుల్లో నాగల్‌గిద్ద అవతల ఒక ఊళ్ళో తవ్వకాలు మొదలయ్యాయి. అక్కడి చేలల్లో పెద్ద బండరాళ్ళు గుండ్రంగా పేర్చి ఉంటాయి. అవి వేల ఏళ్ళ కిందటి సమాధులు. ఆ మనుషులు బతికిన చోటు కూడా దగ్గర్లోనే ఉంటుందని వెతుకుతూ ఒక బృందం వచ్చింది. బృందానికి పెద్దను అందరం పెద్దసారు అనేవాళ్ళం. నాకు తెలుగు, కన్నడం రెండూ వచ్చు, చేతిరాత బాగుంటుంది. అందుకని తాళ్ళు కట్టి గీసిన ఒక ట్రెంచిని నాకు అప్పగించారు. అక్కడ ఏం దొరికినా నోట్‌బుక్కులో రాసేది నేనే, ఏ రోజు ఎవరిని కూలికి పిలవాలో పట్టీ వేసేదీ నేనే.

ఆ చేను మార్తమ్మది. రెండెకరాలు. మిషనరీల కాలంలో క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబం. భర్త పోయాక ఆ రెండెకరాల్లోనే కంది, జొన్న వేసుకుని బతికేది. ఎండాకాలం చేను ఖాళీగా ఉంటుంది కదా అని తవ్వకానికి ఇచ్చి, తానే కూలికి వచ్చింది. మా అందరిలో మట్టి తెలిసిన మనిషి ఆమే. గడ్డపార దిగిన చప్పుడు విని కింద రాయి ఉందో, కుండ ఉందో చెప్పేది. ఒక్కసారి కూడా తప్పు చెప్పినట్టు నాకు గుర్తు లేదు.

తవ్వకంలో ఒక నియమం ఉంది. మట్టి రంగు మారినా, గట్టిదనం మారినా ఆగాలి. మారిన చోటు చుట్టూ గీత గీసి, దాన్ని వేరుగా తవ్వి, అందులో దొరికినవి వేరే సంచిలో వేసి, ఆ సంగతి రాసిపెట్టాలి. కిందికి పోయేకొద్దీ పాతకాలం అంటారు కానీ, మధ్యలో ఎవరో గుంత తవ్వి ఉంటే మొన్నటి వస్తువు వేల ఏళ్ళ పొరలోకి దిగిపోయి కూర్చుంటుంది. ఇది మాకు మొదటి రోజే నేర్పారు. నేను దాన్ని కూలీలకు రోజూ చెప్పేవాణ్ణి. చెప్పడం అంటే నాకు మహా సరదా.

పెద్దసారు మూడు రోజులు ఊరికి వెళ్ళారు. ఆయన తిరిగొచ్చేసరికి పాతకాలపు నలుపు ఎరుపు కుండలున్న పొర దాకా దిగి చూపించాలని నాకు ఆరాటం. రెండో రోజు ఒక మూలన బూడిద రంగు మట్టి కనిపించింది. మెత్తగా ఉంది. చూశాను. ఆగాలని తెలుసు. ఆగితే ఆ రోజంతా ఆ మూలకే పోతుంది. తవ్వమన్నాను. మెత్తటి మట్టి కాబట్టి తొందరగానే దిగింది. అడుగున పగిలిన పాత కుండల పక్కనే, మాడిపోయిన గింజలు గుప్పెడు దొరికాయి. జొన్నలు.

అది పాతర అని మార్తమ్మ అప్పుడే నాతో అంది. తెలియనివాళ్ళ కోసం చెప్తాను. వెనకటి రోజుల్లో మా వైపు జొన్నలు నేలలో దాచేవారు. మూతి ఇరుకుగా, లోపల పొట్ట వెడల్పుగా గుంత తవ్వి, అందులో చొప్ప కాల్చి గోడలు ఆరబెట్టి, గడ్డి పరిచి జొన్నలు పోసి మూసేవారు. మరుసటి ఏడు మళ్ళీ చొప్ప కాలిస్తే, అడుగున మిగిలిపోయిన గింజలు మాడిపోయేవి. నాకు ఇదంతా పుస్తకాల వల్ల తెలిసింది కాదు. మా తాత ఇంటి వెనక రెండు పాతరలు ఉండేవి. మార్తమ్మ వేలు పెట్టి చూపించిన చోట గుంత గోడ కాలి ఎర్రబడి ఉంది. చూడగానే నాకు తెలిసిపోయింది. ధాన్యం ఇంట్లో పుట్టినవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది?

కానీ అప్పటికే సగం గుంతను నేను తవ్వించేశాను. పాతర అని రాస్తే, నియమం తప్పానని కూడా రాయాలి. ట్రెంచి నా చేతిలోంచి పోతుంది. అందుకని నోట్‌బుక్కులో మట్టి అంతా ఒకే తీరుగా ఉందని రాశాను. గింజల్ని కింది పొర సంచిలో వేశాను. అక్కడికి అది భయంతో చేసిన తప్పు. రెండు రోజుల తరువాత చేసినదానికి ఆ మాట చాలదు.

రెండు రోజులకు పెద్దసారు వచ్చారు. గింజల్ని అరచేతిలో పోసుకుని ఒక్కొక్కటే తిప్పి చూశారు. అంత పాత పొరలో జొన్న దొరకడం మామూలు సంగతి కాదు. అయినా ఆయన జాగ్రత్త గల మనిషి. అడిగారు.

"ఇక్కడ మట్టిలో తేడా ఏమన్నా కనిపించిందా? గుంత లాంటిది?"

"లేదు సార్. అంతా ఒకటే మన్ను."

మన్ను తట్ట కింద పెట్టి మార్తమ్మ అంది. "ఉండె సారూ. గీ మూలకు మెత్తగుండె. ఇది పాతర. ఈ చేన్ల పాతరలుండెనని మా మామ చెప్తుండె."

పెద్దసారు నా వైపు చూశారు. ఆ చూపులో అనుమానం లేదు. నేను చెప్పింది నమ్మడానికి సిద్ధంగా ఉన్న చూపు అది. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు కుచించుకుపోతుంది.

"ఆమె మాట పట్టుకోకుండ్రి సార్," అన్నాను. "పాతయి దొర్కితె సర్కారు చేను గుంజుకుంటదని ఊర్ల అనుకుంటుండ్రు. గా భయానికి అట్ల అంటుంది."

మార్తమ్మ నన్ను చూసింది. "నేనెందుకంట అట్ల?" అంది. తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ మాట నాకు ఎక్కడి నుంచి వచ్చింది? ముందే ఆలోచించి పెట్టుకున్నది కాదు. నోటికి వచ్చేసింది. చదువుకున్న షావుకారి కొడుకు ఒక మాట, కూలికి వచ్చిన ఆడమనిషి ఒక మాట చెప్తే ఏది నెగ్గుతుందో నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు, ఆ తెలివే నా చేత ఆ మాట అనిపించింది. మరునాడు కూలీల పట్టీలో ఆమె పేరు రాయలేదు. పెద్దసారు తీసేయమనలేదు. నేనే తీసేశాను.

ఆ పొరలో దొరికిన బొగ్గును పరీక్షకు పంపారు. అది నిజంగానే వేల ఏళ్ళ నాటిదని తేలింది. బొగ్గు పాతది, కుండలు పాతవి, కాబట్టి గింజలూ పాతవే అనుకున్నారు. పేపర్లలో వచ్చింది. ఇక్కడివాళ్ళు వేల ఏళ్ళుగా జొన్నరొట్టె తింటున్నారని ఊరూరా చెప్పుకున్నారు. రొట్టె తినేవాళ్ళం కదా, అందరికీ మురిపెం. ఆ గింజలు దొరికిన చోట ఉన్న మనిషిగా నన్ను సభలకు పిలిచారు. తరువాత సోషల్ టీచర్ని అయ్యాను. ఏటా పిల్లల్ని తీసుకుపోయి ఆ చేను చూపిస్తాను.

ఇప్పుడు దాని చుట్టూ కంచె ఉంది, బోర్డు ఉంది. నాగలి పెట్టకూడదని మార్తమ్మకు కాగితం వచ్చింది. చేను పోతుందని ఆమె ఏనాడూ భయపడలేదు. ఆ భయం నేను కల్పించి ఆమెకు అంటగట్టాను. చేను నిజంగానే పోయింది. ఊళ్ళో ఇప్పటికీ కొందరు, చేను కోసం సారుకే అబద్ధం చెప్పబోయిందని ఆమెను ఎగతాళి చేస్తారు. తన కంచె పక్క చేలల్లోనే కూలికి పోతుంది. ఖేడ్ అంగడిలో ఎదురుపడితే, మంచిగున్నవా సారూ అని తనే పలకరిస్తుంది. దొంగకు తేలు కుట్టినట్టు నవ్వి తప్పించుకునేవాణ్ణి.

ఎందుకు చెప్పలేదు? మొదట ఉద్యోగం రావాలనుకున్నాను. వచ్చాక, ఇంతమంది మురిపెం పాడుచేయడం ఎందుకనుకున్నాను. జొన్న ఎప్పటిదైతే ఎవరికి నష్టం అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఎవరికి నష్టమో తెలిసే ఆ ప్రశ్న వేసుకున్నాను.

నాలుగు వారాల కిందట ఒక పరిశోధకురాలు బడికి వచ్చింది. చిన్న వయసు అమ్మాయి. ఇప్పుడు పక్కనున్న బొగ్గుతో పని లేదట, ఒక్క గింజ ఉన్నా దాని వయసు అదే చెప్తుందట. భద్రపరిచిన ఆ జొన్నల్లోంచి కొన్ని పరీక్షకు పంపామని, ఆ రోజు సంగతులు ఏమన్నా గుర్తున్నాయా అని మామూలుగానే అడిగింది. "నాకేం తెలుసు, అంతా రాసే ఉంది కదా," అని గట్టిగా అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. ఆ అమ్మాయి నా మొహం చూసి, తన ఫోన్ నంబరు రాసిచ్చి వెళ్ళింది.

భయపడ్డాను. తరువాత, సిగ్గులేకుండా, కొంచెం ఊరట కూడా పడ్డాను. ఎలాగూ నిజం తేలిపోతుంది, నేను నోరు విప్పే పని లేదు. ఎలుక బొరియలోంచి గింజలు దిగాయంటారు. లేకపోతే పెద్దసారు పొరపాటంటారు. ఆయన ఇప్పుడు లేరు, కాదనలేరు. ఈ లెక్క వేసుకున్న రోజే నా మీద నాకు నిజంగా అసహ్యం వేసింది. ఎందుకంటే గింజ తన వయసు మాత్రమే చెప్తుంది. మార్తమ్మ ముందే చెప్పిందని గింజ చెప్పదు. ఆమె పేరు ఏ నోట్‌బుక్కులోనూ లేదు. ఆమె అబద్ధం చెప్పలేదని తెలిసినవాళ్ళు లోకంలో ఇద్దరమే, ఆమె, నేను. ఆమె మాట ఎవరూ వినరు.

జరిగింది జరిగినట్టు రాసి, నా పేరు, ఆమె పేరు పెట్టి, ఆ అమ్మాయికి ఇచ్చాను. పరీక్ష ఫలితం ఇంకా రాలేదు. వచ్చాక ఇస్తే దానికి విలువ లేదు. ఆ తరువాత నాగల్‌గిద్ద బస్సెక్కి, ఈసారి సగంలో దిగలేదు.

మార్తమ్మ ఎవరిదో చేనులో కంది కోస్తోంది. గట్టు మీద నిలబడి అంతా చెప్పాను. కొడవలి ఆపకుండా విన్నది. చివరికి నడుము పట్టుకుని నిలబడింది.

"గది పాతరని నాకు ఎరుకనే గద సారూ. నాకెందుకు చెప్తున్నవ్?"

"నాకు గుడ ఎరుకనే ఉండె. తెలిసే అబద్ధమాడిన."

"అయితె ఇగ నా చేను నాకిస్తరా?" అని అడిగింది.

"తెల్వదు మార్తమ్మా."

తల ఊపి మళ్ళీ వంగింది. తిడుతుందేమోనని నిలబడ్డాను. తిట్టలేదు. మాఫ్ చేశానని అనలేదు, నేను అడగనూ లేదు. సాలు చివరి దాకా కోసుకుంటూ పోయింది, వెనక్కి తిరిగి చూడలేదు. బస్సు కోసం నడుస్తుంటే పద్నాలుగేళ్ళలో మొదటిసారి గుండెలో కొంచెం చోటు దొరికినట్టయింది. ఆమె చేను కంచె లోపలే ఉంది, నాకు మాత్రం తేలికగా ఉంది. అదీ సిగ్గుగానే ఉంది. అయినా మీకూ చెప్తున్నాను. అది పాతర. మార్తమ్మ ఆ రోజే చెప్పింది. నాకు తెలుసు, లేదన్నాను.