మైకు చాచా చెప్పిన రెండో భాగం

మొన్న శుక్రవారం పొద్దున పళ్లు తోముకుంటుంటే, మా మైకు చాచా చనిపోయాడని మసీదు మైకులో చెప్పారు. నేను నమ్మలేదు. నోట్లో వేపపుల్లతో అలాగే నిలబడిపోయాను. ఇంకోసారి చెబితే సరిగ్గా విందామనుకున్నాను. ఇంకోసారీ అదే చెప్పారు. ఆలేరులో ఎన్నో ఏళ్లు మైకంటే చాచా గొంతే. ఆయన పోయాడన్న సంగతి వేరే ఎవరి గొంతుతోనో వినడం నాకు పెద్ద పొరపాటులా అనిపించింది.

ముందురోజు సాయంత్రమే స్టేషన్ బయట ఆయన బండి దగ్గర అరడజను అరటిపండ్లు తీసుకున్నాను. "గిప్పుడే తినకు బేటా, పచ్చిగున్నయ్. మూడు దినాలు ఆగు" అన్నాడు. మనిషికి జలుబు కూడా లేదు. రాత్రి పడుకున్నవాడు తెల్లవారి నమాజుకు లేవలేదట, అంతే. అంత తేలిగ్గా ఎలా పోతాడు మనిషి? నాకింకా అర్థం కావడం లేదు.

చాచా మొదటినుంచీ పండ్లు అమ్మినవాడు కాదు. మా ఊరి సినిమా హాలు తరఫున రిక్షాలో మైకు పెట్టుకుని తిరిగేవాడు. నేను అదే హాల్లో బుకింగ్ క్లర్కును. ఆయన మైకులో చెప్పాల్సిన కాగితం రాసేది నేనే. నా కాగితంలో ప్రతి సినిమా మహాద్భుతమే. చాచాకు తెలుగు చదవడం రాదు. నేను రెండుసార్లు చదివి వినిపిస్తే పొల్లుపోకుండా ఒప్పజెప్పేవాడు. కానీ మొదటి ఆట చూడకుండా రిక్షా ఎక్కేవాడు కాదు. "చూడని బొమ్మకు నోరెట్ల తెరుస్త?" అనేవాడు.

అయిదేళ్ల కిందట, ఆకాశంలో ఎగిరే వీరుడి సినిమా రెండో భాగం వచ్చింది. తెలుగు మాటలు పెట్టిన ఇంగ్లిష్ బొమ్మ. మొదటి భాగానికి చుట్టుపక్కల ఊళ్ల జనం ట్రాక్టర్లెక్కి వచ్చారు. అందుకని ఈసారి కాగితం మీద నా పాండిత్యమంతా ఒలకబోశాను. చాచా మొదటి ఆట చూసి నా కిటికీ దగ్గరికి వచ్చి, ఆ కాగితం నా ముందే పెట్టాడు. "గిది నాతోని కాదు బేటా" అని వెళ్లిపోయాడు. కాసేపటికి చౌరస్తా నుంచి ఆయన గొంతు వినపడింది.

"అన్నలారా, అక్కలారా! ఎగిరే వీరుడు మల్లొచ్చిండు. మంచి ముందు చెప్త. కట్ట తెగి నీళ్లు ఊరి మీదికొచ్చే సీను కుర్చీల కూసోనియ్యది. పొట్టి దొంగోడు కడుపుబ్బ నవ్విస్తడు. ఫైటింగులు మొదటిదానికంటె జబర్దస్తున్నయ్. ఇగ లోపం చెప్త. ఇంటర్వెల్ దాకా ఒకటే ముచ్చట్లు, జర ఓపిక పట్టాలె. వీరుని గొంతు మారింది, అతకలే. అసలు లోపం ఇంకోటుంది. మొదటి భాగంల ఆయనకు భయముండె. దునుకేటప్పుడు కాళ్లు వణికినయ్. అందుకే ఆయన మీద మన పానం గుంజింది. ఈ భాగంల ఎన్ని దెబ్బలు పడ్డా దులుపుకొని లేస్తడు. ఆయనకే ఫికర్ లేకుంటె మనకెందుకు ఫికర్? పిల్లలను తోలుకొని రాండ్రి, వాళ్లకు మస్తు నచ్చుతది. పెద్దోళ్లు, మీ ఇష్టం!"

నా చేతిలోని టికెట్ల కట్ట కిందపడింది. హాలు వాళ్ల మైకులోనే హాలు సినిమాకు లోపాలు చెప్పడం నేనెక్కడా వినలేదు. బజారంతా నవ్వుతోంది. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే కాగితం రాసేది నేనని యజమానికి తెలుసు.

సాయంత్రం యజమాని రానే వచ్చాడు. "గీ మాటలు ఎవడు రాసిచ్చిండు?" అని గద్దించాడు. నేను రాయలేదని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. నా ఉద్యోగం ఎక్కడ పోతుందోనని ఇంకో మాట కలిపాను. "సినిమాకు రావొద్దని చెప్పిండు సేఠ్" అన్నాను. చాచా ఆ మాట అనలేదు. ఆ పూటే రిక్షా మీంచి మైకు దించేశారు.

తర్వాత ఆయన అరటిపండ్ల బండి పెట్టుకున్నాడు. అక్కడా అదే పద్ధతి. "తీపున్నయ్ అమ్మా, కానీ జర మెత్తవడ్డయ్, ఇయ్యాలనే తినుండ్రి" అని కేకేసేవాడు. రోజూ సాయంత్రం ఇద్దరం ఆ బండి దగ్గరే ఛాయ్ తాగేవాళ్లం. యజమానికి ఎవరు చెప్పారని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. ఒప్పుకోవాలని నేను ఎన్ని సాయంత్రాలు గొంతు సవరించుకున్నానో లెక్కలేదు. రేపు చెబుదాంలే అనుకునేవాణ్ణి. సిగ్గులేని రేపు.

చాచా పోయిన మూడో రోజు ఆయన ఇంటికి వెళ్లాను. ఆటో నడిపే కొడుకు వాకిట్లో కుర్చీ వేశాడు. కూర్చోలేక, నిలబడే అంతా చెప్పేశాను. అతను ఆశ్చర్యపోలేదు.

"అబ్బాకు ఆ దినమే తెలుసు అన్నా. సేఠే చెప్పిండు, నువ్వు గట్లన్నవని."

అయిదేళ్లు. రోజూ నాకు గ్లాసు అందించిన చెయ్యి.

"మరి నాతో ఒక్క మాట కూడా అనలేదే?"

"మేమైతె మస్తు కోపం చేసినం. నీతోని దోస్తానా ఇడువమన్నం. అబ్బా ఇనలే. 'ఆనిల మంచి ముందు చెప్త, నేను లేకుంటె ఛాయ్ ముట్టడు. లోపం, భయం జాస్తి. భయమున్నోని మీదనే కద పానం గుంజేది' అన్నడు."

ఆ వాకిట్లోనే ఏడ్చేశాను. అతను నీళ్లు తెచ్చి ఇచ్చాడు.

ఇంటికి వచ్చేసరికి గూట్లో అరటిపండ్లు పసుపుపచ్చగా పండి ఉన్నాయి. ఆయన చెప్పిన రోజుకే. ఒకటి వలిచాను. దాన్ని చేతిలో పట్టుకుని, చౌరస్తా వైపు చెవి పెట్టి, చాలాసేపు కూర్చున్నాను.